ఒకే లైను మీద రెండు ఇళ్ళు

సరస్వతీపురంలో దసరా బొమ్మలంటే జలజాక్షమ్మదే పేరు. ఆ మాట చెప్పేది జలజాక్షమ్మే. వీధిలో మిగతావాళ్ళు రెండు పేర్లు చెబుతారు. రెండోది ఆమె ఇంటి గోడ అవతల ఉండే కుముదది. ఈ ఏడు ఆ రెండో పేరు ఎవరి నోటా రాకూడదని జలజాక్షమ్మ పంతం పట్టింది.

బొమ్మల కొలువుకు మెట్లు వేయడం, పుట్టింటివాళ్ళు పెళ్ళిలో ఇచ్చిన చెక్క రాజారాణులను పై మెట్టు మీద నిలబెట్టడం మైసూరులో ప్రతి ఇంట్లోనూ చేసేదే. అందులో గొప్పేముంది? అసలు సత్తా తేలేది మెట్ల కింద, నేల మీద. అక్కడ ఏటా ఒక కొత్త లోకం కట్టాలి. అదేమిటో పాడ్యమి పొద్దున తలుపులు తెరిచేదాకా ఇంటి పిల్లికి కూడా తెలియకూడదు. సొంత చెల్లెలు అడిగినా చెప్పరు. చెప్పించుకోవాలని చూసేవాళ్ళను ఆ ఏడు పేరంటానికి కాస్త ఆలస్యంగా పిలుస్తారు.

మూడేళ్ళుగా జలజాక్షమ్మ రహస్యం మాత్రం పాడ్యమి రాకముందే గోడ దూకేస్తోంది. మొదటి ఏడు జోగ్ జలపాతం కడదామని ఆమె ఫోనులో చిన్న నీటి మోటారు కోసం వెతికింది. పాడ్యమి నాడు చూస్తే కుముద ఇంట్లో నీళ్ళు దూకుతున్నాయి. మరుసటి ఏడు అడవి ఏనుగుల కోసం వెతికింది. కుముద హాల్లో ఏకంగా ఏనుగుల మంద! నిరుడు పాత మైసూరు రైలు. బొగ్గింజను, పెట్టెలు, స్టేషను గంటతో సహా అన్నీ ఎంచి పెట్టుకుంది. పండుగ పొద్దున ఇంకా హారతి కూడా ఇవ్వలేదు, గోడ అవతల నుంచి రైలు కూత వినపడింది. జలజాక్షమ్మ చేతిలో కర్పూరం అలాగే ఆగిపోయింది.

ముప్పై ఏళ్ళ స్నేహం వాళ్ళది. ఒకరి ఇంట్లో ఒబ్బట్లు చేస్తే రెండో ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. అయినా నిరుడు ఆమె ఓర్చుకోలేకపోయింది. విజయదశమి మర్నాడు కుముద పెరట్లో అటు తిరిగి బట్టలు ఆరేస్తుంటే గోడ దగ్గరికి వెళ్ళి అడిగేసింది. "ఏమే కుముదా, నా ఇంట్లో పుట్టిన ఆలోచన నీ ఇంట్లోకి ఎలా వస్తోందే? ఇది దొంగతనం కాదూ? ఒక్క మాట చెప్పు!" అంది.

కుముద వెనక్కి తిరగలేదు. చివరి చీర కూడా నిదానంగా ఆరేసి, బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. జలజాక్షమ్మకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసిందే కాక, ఎంత పొగరు! రెండుసార్లు ఫోను చేస్తే తీయలేదు. ఆ రోజు నుంచి మాటల్లేవు. సాయంత్రం పూట కుముద శివమొగ్గలో ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడేటప్పుడు ఆ పిల్ల గొంతు ఈ ఇంటిదాకా మోగేలా ఫోను పెడుతుంది. అది కూడా తనను ఏడిపించడానికేనని జలజాక్షమ్మ నమ్మకం.

ఈ ఏడు ఆమె కట్టబోయేది టెలిఫోన్ ఎక్స్ఛేంజి. ముప్పై ఒక్కేళ్ళు ఆమెకు అన్నం పెట్టిన ఉద్యోగం అది. అందులో మొదటి పద్నాలుగేళ్ళు ట్రంకు బోర్డు ముందు, తలకు హెడ్‌ఫోను బిగించుకుని, ఊరి మాటలన్నిటినీ తీగలతో కలిపిన మనిషి ఆమె. వరుసగా కూర్చున్న ఆపరేటరు బొమ్మలు, వేలెడంత బోర్డులు, ఎర్రా పచ్చా తీగలు, ఆ చివర ఊళ్ళల్లో ఫోను పట్టుకున్న జనం. ఇది బజారులో దొరికే బొమ్మల కథ కాదు. ఇది గోడ దూకితే మాత్రం ఇంకెప్పుడూ బొమ్మలు పెట్టనని, అన్నీ అటకెక్కిస్తానని ఇంట్లో చెప్పేసింది.

పండుగకు పన్నెండు రోజులున్నాయనగా జలజాక్షమ్మ తన ఫోను తెచ్చి కోడలు మేధ ముందు పెట్టింది.

"చూడవే, నెల నుంచి ఈ ఫోను నాకు చెవుడని తేల్చేసింది. బియ్యప్పిండితో అక్కి రొట్టె ఎలా చేయాలో చూద్దామంటే మధ్యలో ఒకాయన వచ్చి, అమ్మా మీకు మాటలు సరిగ్గా వినపడటం లేదా అంటాడు. పంచాంగం తీస్తే చెవి మిషను. పాట పెడితే చెవి మిషను. నాకు! మూడు గదుల అవతల పాలు పొంగితే వినపడే మనిషికి!"

మేధ ఇంట్లోంచే కంపెనీ పని చేసుకునే పిల్ల. నవ్వాపుకుంటూ, "మీరేమైనా వెతికారా అత్తయ్యా?" అంది.

"నేనెందుకు వెతుకుతాను? మీ మామయ్యని అడుగు."

ఆమె భర్త శ్రీకంఠయ్య పేపరు వెనక నుంచే, "నాకు వినపడుతూనే ఉందమ్మా. అదే నా బాధ," అన్నాడు.

"చాల్లెండి సంబడం!"

"అదేం లేదత్తయ్యా," అంది మేధ. "ఈ యాడ్లు వేసేవాళ్ళకు మనుషులు విడివిడిగా కనిపించరు కొన్నిసార్లు. ఇల్లే కనిపిస్తుంది. ఒక వైఫై అంటే ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఒకరు చెప్పులు వెతికితే మిగతా అందరికీ చెప్పులు చూపిస్తారు. మామయ్య మోకాలి పట్టీ చూస్తే నాకు వారం రోజులు మోకాలి పట్టీలే వచ్చాయి."

 జలజాక్షమ్మ కుర్చీలోంచి లేచింది. లేవడం కాదు, ఎగిరింది.

"ఒక వైఫై అంటే ఒక ఇల్లా? మన వైఫై ఎన్ని ఇళ్ళకే?"

రెండు ఇళ్ళకు. కరోనా ఏడు శ్రీకంఠయ్య, అప్పట్లో ఇంకా బతికే ఉన్న కుముద భర్త మాధవరాయుడు కలిసి ఒకే కనెక్షను తీసుకుని, మధ్యగోడకు డబ్బా బిగించారు. మాధవరాయుడు పోయాడు గానీ ఆ డబ్బా అలాగే ఉంది.

"అదీ సంగతి!" జలజాక్షమ్మ కేక వీధి చివరి పాల బూతుదాకా వెళ్ళి ఉంటుంది. "నేను మోటారు వెతికితే దాని ఫోనులో మోటారు! నేను ఏనుగు వెతికితే దాని ఫోనులో ఏనుగు! నా రైలు, నా బొగ్గింజను! ఒకే నంబరు మీద రెండు ఫోన్లు పెట్టినట్టు! ముప్పై ఏళ్ళు లైన్లు కలిపినదాన్ని, నా ఇంట్లో లైను కలిసిపోయిందని తెలుసుకోలేకపోయానే!"

"పాపం ఆవిడకి తెలియకపోవచ్చు అత్తయ్యా. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో..."

"మూడేళ్ళు తెలియకుండానే కాపీ కొట్టిందా? నువ్వు దాన్ని వెనకేసుకురాకు. తెంచెయ్ ఆ వైరు!"

పేపరు కిందికి దిగింది. "వైరు తెంచితే సాయంత్రం ఆ మనిషి కూతురి ముఖం ఎలా చూస్తుంది?" అన్నాడు శ్రీకంఠయ్య. జలజాక్షమ్మ మళ్ళీ కుర్చీలో కూర్చుంది. కోపం ఎంతున్నా ఆమె ఆ పని చేసే మనిషి కాదు. లైను అటు ఎంత పోతుందో ఇటు కూడా అంతే వస్తుందని ట్రంకు ఆపరేటరుకు ఒకరు చెప్పక్కర్లేదు. కానీ ఆ పూట ఆమెకు అటు పోయింది ఒక్కటే కనిపించింది.

వైరు తెంచకుండా యాడ్లను ఆపే దారి మేధకు తెలుసు. రెండు రోజుల్లో సబ్బుపెట్టె అంత డబ్బా ఒకటి ఇంటికి వచ్చింది. దాన్ని వైఫై డబ్బా పక్కన పెట్టి, ఏదో చేసి, తన పాత కంప్యూటరు తెర అత్తగారి వైపు తిప్పింది. ఇంట్లో ఉన్న ప్రతి ఫోనూ, టీవీ బయట ఎవరిని పిలుస్తున్నాయో ఆ తెర మీద వరుసగా కనిపిస్తోంది. పిలుపు వచ్చిందంటే ఒక గీత. మంచిదైతే పచ్చగా పోతుంది, యాడ్ల వాళ్ళదైతే ఎర్రగా ఆగిపోతుంది. ఎవరి వస్తువు ఏదో గుర్తుండేలా మేధ పేర్లు పెట్టింది: అత్తయ్య, మామయ్య, టీవీ, పక్కిల్లు.

జలజాక్షమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. చూసింది. ఆమె ముఖం ఒక్కసారిగా ఇరవై ఏళ్ళు చిన్నదైపోయింది.

"ఇది బోర్డేనే! మా బోర్డే!"

ఇక ఆమెను ఆ కుర్చీలోంచి లేపడం ఎవరి తరమూ కాలేదు. కాఫీ అక్కడికే, ఉప్మా అక్కడికే. "ఆగాగు, ఈ టీవీ ఆపేసి ఉంది కదా, ఇప్పుడు ఎవరికి ఫోను చేస్తోంది? గంటలో నూట పదిసార్లా! మా రోజుల్లో ఊరి కలెక్టరు కూడా ఇన్ని కాల్సు చేయలేదు. ఆపు దాన్ని. ఇదెవరు? మళ్ళీ వచ్చాడా? లేదు నాయనా, లైను ఖాళీ లేదు, వెళ్ళు!" అంటూ ఒక్కో ఎర్ర గీతకూ చేత్తో తీగ పీకినట్టు గాల్లో పీకుతోంది. మేధ నవ్వాపుకోలేక మీటింగులో కెమెరా ఆపేసుకుంది.

సాయంత్రానికి ఫోనులో చెవి మిషన్లాయన మాయమయ్యాడు. అక్కి రొట్టె మొదటి నుంచి చివరిదాకా ఎవరూ అడ్డం రాకుండా కాలింది. జలజాక్షమ్మ గుండెలనిండా గాలి పీల్చుకుని, బొమ్మ తలకు పెట్టే వేలెడంత హెడ్‌ఫోను కోసం ధైర్యంగా వెతికింది. చూద్దాం, ఇది ఎలా గోడ దూకుతుందో!

మూడో రోజు మధ్యాహ్నం తెర మీద ఆమెకు కొత్త గీత కనిపించింది. మామయ్య అన్న పేరు. ఎదురుగా ఊళ్ళో పేరున్న ఒక మిఠాయి కొట్టు. సరిగ్గా మూడు గంటలకు, తాను కునుకు తీసే వేళకు.

"ఏమండీ!"

శ్రీకంఠయ్యకు షుగరు. మైసూరుపాకు ముఖం చూడకూడదని డాక్టరు చెప్పి ఆరేళ్ళయింది.

"మూడింటికి ఎవరితో మాట్లాడారు? నిన్న కూడా మూడింటికే! మొన్న కూడా! నేను పడుకోగానే గేటు దగ్గరికి డబ్బా తెప్పించుకుంటున్నారా? అన్నీ ఇందులో పడ్డాయి, అబద్ధం ఆడకండి!"

ఆమె గెలుపు చూడాలి. దొంగను పట్టుకున్న పోలీసు కూడా అంత సంబరపడడు. శ్రీకంఠయ్య మాత్రం అరవలేదు. పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"తప్పే. ఇక తెప్పించను. కానీ ఒకటి అడుగుతాను జలజా. ముప్పై ఒక్కేళ్ళు ఎక్స్ఛేంజిలో చేశావు. ఊళ్ళో ఎవరి కాపురం ఎలా ఉందో, ఎవరి కూతురు ఎవరితో మాట్లాడిందో అన్నీ నీ చెవిన పడే ఉంటాయి. ఒక్కటంటే ఒక్కటి ఇంట్లో చెప్పావా? నా సొంత అన్న తన అప్పుల గురించి ట్రంకు కాల్ చేసి ఏడ్చిన సంగతి కూడా నాకు పదేళ్ళ తర్వాత ఆయన చెబితేనే తెలిసింది. నిన్ను చూసి ఎంత గర్వపడేవాణ్ణో. ఇప్పుడు ఇంట్లోనే బోర్డు పెట్టుకుని చెవి ఆనించి కూర్చున్నావు."

జలజాక్షమ్మకు ముఖం మీద నీళ్ళు కొట్టినట్టయింది.  ఉద్యోగంలో చేరిన రోజు పెద్ద మేడం ఆమెకు చెప్పింది ఒకటే. లైను కలపడం వరకే మన పని, మధ్యలో చెవిన పడ్డది అక్కడే వదిలేసి ఇంటికి పో. ఆ మాట ఆమె ఒక్కరోజు కూడా తప్పలేదు.

తెర మూసేద్దామని కంప్యూటరు దగ్గరికి వెళ్ళింది. నిజంగా మూసేద్దామనే. మూసేలోపు కళ్ళు ఒక వరుస మీద పడ్డాయి. పక్కిల్లు. ఎదురుగా చెవి పరీక్షల ఆసుపత్రి పేరు. దాని కింద ఇంకో చెవి మిషన్ల కొట్టు. దాని కింద మళ్ళీ అదే ఆసుపత్రి. పొద్దున నుంచి పదకొండుసార్లు.

కుర్చీ లాక్కుని ఆ వరుసలు మళ్ళీ చదివింది.

చెవి మిషను వెతికింది కుముద. నెల రోజులుగా జలజాక్షమ్మ ఫోనుకు వచ్చిందంతా గోడ అవతల నుంచి వచ్చింది. పెరట్లో ఆరేసిన చీర, తిరగని వీపు, తీయని ఫోను, ఇంటిదాకా మోగే కూతురి గొంతు. ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. పొగరు కాదు. తాను అరిచిన అరుపు ఆమెకు చేరనే లేదు! చేరని మాటకు జవాబు రాలేదని తాను ఏడాది పాటు ముప్పై ఏళ్ళ స్నేహితురాలి ముఖం చూడలేదు. మాధవరాయుడు పోయాక ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడే మనిషి తాను ఒక్కతే. సిగ్గుతో జలజాక్షమ్మ చెవులు కాలిపోయాయి. ఏడుపు వచ్చింది, ఏడ్చింది.

మేధ వచ్చేసరికి కళ్ళు తుడుచుకుని కూర్చుంది.

"ఏమ్మా, ఈ డబ్బా యాడ్లను ఆపుతూ, ఎవరు ఎవరిని పిలిచారో మాత్రం రాయకుండా ఉండగలదా?"

"ఉండగలదు అత్తయ్యా. రాయడం ఆపేయొచ్చు. ఎందుకు, బాగా సరదాగా ఉందన్నారుగా?"

"సరదా తీరింది. రాసినవి కూడా చెరిపెయ్."

మేధ రెండు మీటలు నొక్కింది. పేర్లన్నీ పోయాయి. ఆపిన యాడ్ల లెక్క ఒక్కటే మిగిలింది. ఏం చూశారని మేధ అడగలేదు, అడిగినా జలజాక్షమ్మ చెప్పేది కాదు.

ఆ తర్వాత రోజులన్నీ ఉరుకులు పరుగులే. అట్టపెట్టెలు బోర్డులయ్యాయి, కుట్టుపని దారాలు లైన్లయ్యాయి. శ్రీకంఠయ్య కళ్ళజోడు ముక్కు చివరకు జార్చుకుని పదహారు బొమ్మల తలలకు హెడ్‌ఫోన్లు అంటించాడు. ఒకటి తలకిందులుగా అంటిస్తే, "ఆవిడకి మెడలోంచి వినపడుతుందా?" అని తిట్లు తిన్నాడు. మేధ లోపల చిన్న బల్బులు పెట్టింది. తీగ పెడితే వెలుగుతాయి. వెలిగిన మొదటిసారి ముగ్గురూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు. ఒక మూల, ముందు అనుకోనిది, జలజాక్షమ్మ రెండు చిన్న ఇళ్ళు, మధ్య ఒక గోడ పెట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

పాడ్యమి పొద్దున ఇల్లంతా మల్లెల వాసన. వీధి తలుపు ఇంకా తెరవలేదు. జలజాక్షమ్మ పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో పసుపు కుంకుమ, నానబెట్టిన పెసరపప్పు కోసంబరి పెట్టుకుని వెనక తలుపు నుంచి కుముద ఇంటికి వెళ్ళింది.  ముందు గుమ్మంలో గంట కొట్టలేదు, గోడ మీంచి పిలవలేదు. పెరట్లోకి వెళ్ళి, తులసికోట దగ్గర నీళ్ళు పోస్తున్న కుముదకు ఎదురుగా, ఎండలోకి వచ్చి నిలబడింది.

కుముద చెంబు గట్టు మీద పెట్టింది. చూసింది. 

"దారి తప్పి వచ్చావా?" అంది.

"పేరంటానికి పిలవడానికి వచ్చాను," అంది జలజాక్షమ్మ, ఒక్కో మాటా నిదానంగా, ముఖం కదలకుండా పెట్టి. "మొదటి కుంకుమ నీకే."

కుముద కళ్ళు ఆమె పెదవుల మీదే ఉన్నాయి. కుంకుమ పెట్టించుకుంది. "లోపలికి రా. నవ్వకూడదు మరి," అంది.

హాల్లో తొమ్మిది మెట్లూ కళకళలాడుతున్నాయి. కింద నేల మాత్రం బోసిగా ఉంది. ముగ్గు, దాని మధ్య ఒక దీపం, అంతే.

"ఈ ఏడు ఏమీ తోచలేదే జలజా. ఏటా చాముండి తల్లే చూపించేది. పండుగ దగ్గరికొచ్చేసరికి ఫోను తీస్తే చాలు, ఒకసారి నీళ్ళ మోటారు, ఒకసారి ఏనుగు, నిరుడు రైలు. ఇదే కట్టు అని అమ్మవారే చెబుతోందనుకునేదాన్ని. ఈసారి పది రోజులుగా ఫోను తిప్పి తిప్పి చూస్తున్నాను. ఒక్క బొమ్మ వస్తే ఒట్టు. అమ్మకు నా మీద ఏం కోపమొచ్చిందో!"

జలజాక్షమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "అమ్మకు కోపం లేదు. పద మా ఇంటికి," అని చేయి పట్టుకుని లాక్కొచ్చింది.

ఎక్స్ఛేంజిని చూసి కుముద నోరు తెరిచింది. వంగి వంగి చూసింది. తీగ పెడితే బల్బు వెలగడం చూసి, తానూ ఒకటి పెట్టింది. మూలన ఉన్న రెండు ఇళ్ళ దగ్గర ఆగింది. మేధ, శ్రీకంఠయ్య హారతి పళ్ళెం సర్దుతున్నారు. కుముద జలజాక్షమ్మ చెవి దగ్గరికి వంగి, గుట్టుగా చెబుతున్నానని అనుకుంటూ, వీధి వినేంత గట్టిగా చెప్పింది.

"నీకొక్కదానికే చెబుతున్నాను. నాకు చెవులు పోతున్నాయే! ఎవరికీ తెలియనివ్వకు!"

శ్రీకంఠయ్య వెంటనే ఒక ఆపరేటరు బొమ్మను చేతిలోకి తీసుకుని దాని జడను పరీక్షించడం మొదలుపెట్టాడు. మేధ పైకప్పు వైపు చూసింది. ఇద్దరి చెవినా ఏమీ పడలేదు.

"ఎవరికీ చెప్పను," అంది జలజాక్షమ్మ, ఎదురుగా వచ్చి కూర్చుని. "ఎక్స్ఛేంజిలో చేసినదాన్ని. నేను కూడా నీకొకటి చెప్పాలి. నిరుడు నిన్ను దొంగ అన్నాను."

"ఏంటీ?"

"దొంగ అన్నాను. నా ఆలోచనలు ఎత్తుకెళ్తున్నావన్నాను. పెరట్లో నువ్వు బట్టలు ఆరేస్తుంటే. ఆ బొమ్మలు నీ ఫోనుకు అమ్మవారు పంపలేదే, నా ఫోను నుంచి వచ్చాయి. రెండు ఇళ్ళకూ ఒకే లైను కదా. నాకూ ఇప్పుడే తెలిసింది."

కుముద ఆమె ముఖంలోకి చూసింది. ఆ చూపుకు తట్టుకోలేక జలజాక్షమ్మ కళ్ళు దించుకుంది.

"అయితే ఆ రైలు నీదా?"

"నాదే."

"ముందే చెప్పొచ్చు కదే!"

"చెప్పానే. నీ వీపుకి చెప్పాను."

కుముద మూలన ఉన్న చిన్న గోడ వైపు చూసింది. "ఏడాది పాటు నేనేం తప్పు చేశానో అని రోజూ ఆలోచించేదాన్ని. గోడ దగ్గరికి వచ్చి నిలబడేదాన్ని. నువ్వు పిలిస్తే వినపడదేమోనని భయం, పిలవలేదేమోనని ఇంకా భయం," అంది. తర్వాత చీర చెంగుతో ముక్కు తుడుచుకుని, "దొంగ అన్న మాట నాకు వినపడలేదుగా. అయితే నువ్వు అననట్టే," అంది.

జలజాక్షమ్మ ఆమె చేయి పట్టుకుంది. "ఏ చెవి కాస్త నయం?" అని అడిగింది.

"ఎడమది."

బొమ్మలు చూడటానికి ఇల్లిల్లూ తిరిగే పిల్లల గుంపు గేటు దగ్గరికి వచ్చి, "అమ్మా, బొమ్మలు కూర్చోబెట్టారా?" అని ఒకటే గోల. కుముదకు వినపడలేదు. జలజాక్షమ్మ లేచి, ఆమెకు ఎడమ పక్కకు మారి కూర్చుని, "పిల్లలొచ్చారు, తలుపు తీద్దాం పద," అంది.